అక్రిలిక్ చిత్రలేఖన సామగ్రి

అక్రిలిక్ చిత్రలేఖన సామగ్రి అనగా కాన్వాసుపై అక్రిలిక్ రంగులతో చిత్రాలు వేయడానికి కావలసిన వస్తువుల సముదాయం. రంగులు, కాన్వాసు, జెస్సో అనే తెల్లని పూత, కుంచెలు, ప్యాలెట్, నీటి పాత్రలు, పాత గుడ్డ ఇందులో అత్యవసరమైనవి. మీడియంలు, రంగుకత్తులు, ఈజిల్, వార్నిష్ మొదలైనవి అవసరాన్ని బట్టి తరువాత చేర్చుకొనేవి. అక్రిలిక్ రంగు తడిగా ఉన్నంతసేపు నీటిలో కలుస్తుంది. ఒకసారి ఆరిన తరువాత నీటిలో కరగదు. ఈ సామగ్రిలో ఏ వస్తువు ఎందుకు కావాలో, దానిని ఎలా వాడాలో చాలావరకు ఈ ఒక్క గుణమే నిర్ణయిస్తుంది. ఈ గుణం తెలియకుండా సామగ్రి కొన్నవారి కుంచెలు కొద్దిరోజులకే గట్టిపడతాయి, రంగు ప్యాలెట్ మీదనే ఎండిపోతుంది, కొన్ని సందర్భాలలో పూర్తయిన చిత్రం పొరలుగా ఊడిపోతుంది.

అక్రిలిక్ రంగు స్వభావం

ప్రతి రంగులోను ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి వర్ణకం, అంటే రంగునిచ్చే మెత్తని పొడి. రెండవది బంధకం, అంటే ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. నీటిరంగులలో బంధకం తుమ్మజాతి చెట్ల బంక. తైలవర్ణాలలో అవిసె నూనె వంటి ఆరే నూనె. అక్రిలిక్ రంగులలో బంధకం అక్రిలిక్ రెసిన్ అనే కృత్రిమ పదార్థం. దీని అతిసూక్ష్మ కణాలు నీటిలో తేలియాడుతూ పాలవంటి ద్రవంగా ఉంటాయి. దీనిని ఎమల్షన్ అంటారు.

రంగు పూసిన తరువాత నీరు ఆవిరైపోతుంది. రెసిన్ కణాలు ఒకదానికొకటి దగ్గరై, కలిసిపోయి, సాగే గుణం గల ప్లాస్టిక్ పొరగా మారతాయి. వర్ణకం ఆ పొరలో చిక్కుకొని ఉండిపోతుంది. ఈ మార్పు జరిగాక మళ్ళీ నీరు పోసినా పొర కరగదు. నీటిరంగుల బంక మాత్రం ఎన్నిసార్లు తడిపినా మళ్ళీ కరుగుతుంది. తైలవర్ణాలు ఆరడానికి నూనె గాలిలోని ఆమ్లజనితో కలవాలి కనుక రోజులు, వారాలు పడుతుంది. అక్రిలిక్ పలుచని పూత పది ఇరవై నిమిషాలలో ఆరుతుంది. ఎండాకాలంలో, ఫ్యాను గాలిలో ఇంకా త్వరగా ఆరుతుంది. మందంగా వేసిన రంగు పైకి ఆరినట్లు కనిపించినా లోపల పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు లేదా వారాలు పట్టవచ్చు.

మరొక విశేషం: ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు తెల్లగా, ఆరిన తరువాత పారదర్శకంగా ఉంటుంది. అందువలన తడి రంగు కొంచెం లేతగా కనిపించి, ఆరాక కొంచెం ముదురుతుంది. ముందు కలిపిన రంగుతో మరునాడు కలిపిన రంగు సరిపోల్చాలంటే రెండింటినీ ఆరిన తరువాతే పోల్చి చూడాలి.

చరిత్ర

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓటో రోమ్ 1901లో సమర్పించిన తన సిద్ధాంత వ్యాసంలో అక్రిలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలను అధ్యయనం చేశాడు. 1907లో ఓటో హాస్‌తో కలిసి రోమ్ అండ్ హాస్ సంస్థను స్థాపించాడు. అక్రిలిక్ రెసిన్లు మొదట పరిశ్రమలకు ఉపయోగపడ్డాయి. చిత్రకారుల కోసం లియొనార్డ్ బొకూర్, సామ్ గోల్డెన్ అనేవారు 1940ల చివరలో అమెరికాలో 'మాగ్నా' అనే అక్రిలిక్ రంగును తయారు చేశారు. అయితే దానిని పలుచన చేయడానికి నీరు కాక టర్పెంటైన్ వంటి ద్రావకం కావలసి వచ్చేది. నీటితో కలిపే అక్రిలిక్ రంగును హెన్రీ లెవిసన్ 1955లో 'లిక్విటెక్స్' పేరుతో అమ్మకానికి తెచ్చాడు. బ్రిటన్‌లో జార్జ్ రౌనీ సంస్థ 1963లో 'క్రిలా' అనే అక్రిలిక్ రంగులను విడుదల చేసింది.

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో కాలిఫోర్నియాలో వేసిన 'ఎ బిగ్గర్ స్ప్లాష్' అక్రిలిక్ చిత్రాలలో సుప్రసిద్ధమైనది. ఇందులోని ఆకాశం, ఇల్లు, ఈతకొలను వంటి చదునైన భాగాలను రోలరుతోను, ఎగసిన నీటి తుంపరలను చిన్న కుంచెలతోను వేశాడు. త్వరగా ఆరే రంగు, అంచులు సూటిగా రావడానికి అతికించే టేపు లేకుండా అటువంటి చిత్రం సాధ్యమయ్యేది కాదు.

భారతదేశంలో సయ్యద్ హైదర్ రజా, తయ్యబ్ మెహతా వంటి చిత్రకారులు తైలవర్ణాలతో పాటు అక్రిలిక్ రంగులను విరివిగా వాడారు. రజా 'సౌరాష్ట్ర' (1983), మెహతా 'మహిషాసుర' (1997) కాన్వాసుపై వేసిన అక్రిలిక్ చిత్రాలే. తెలంగాణ గ్రామీణ స్త్రీ పురుషులను చిత్రించిన తోట వైకుంఠం చిత్రాలలో పలు చిత్రాలు కాన్వాసుపై అక్రిలిక్‌తో వేసినవి. నిండైన ఎరుపు, పసుపు, కాషాయ రంగులను కలగాపులగం కాకుండా పక్కపక్కనే నిలపడానికి ఈ మాధ్యమం అనువైనది.

రంగులు

అక్రిలిక్ రంగులు ట్యూబులలోను, సీసాలలోను దొరుకుతాయి. వెన్నలా చిక్కగా ఉండేవి కుంచె గీతలు, కత్తి గుర్తులు నిలుపుకుంటాయి. పలుచగా కారేవి చదునైన పూతలకు, సన్నని గీతలకు అనుకూలం. ఇవి రెండూ ఒకే జాతివి కనుక కలిపి వాడవచ్చు.

నాణ్యతను బట్టి రంగులు రెండు రకాలు.

* విద్యార్థి శ్రేణి: వీటిలో వర్ణకం తక్కువగా, చవకైన పూరక పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ధర తక్కువ. అభ్యాసానికి సరిపోతాయి.
* కళాకారుల శ్రేణి: వీటిలో వర్ణకం ఎక్కువ. కొద్ది రంగుతోనే ఎక్కువ స్థలం కప్పవచ్చు. ధర ఎక్కువ.

విద్యార్థి శ్రేణి ట్యూబులపై రంగు పేరు తరువాత కొన్నిసార్లు 'హ్యూ' అనే మాట కనిపిస్తుంది. అసలు వర్ణకానికి బదులు దాని ఛాయను పోలిన వేరొక వర్ణకాన్ని వాడారని దీని అర్థం. ఇది మోసం కాదు. ఉదాహరణకు కాడ్మియం ఖరీదైనది, విషపదార్థం కూడా. కనుక 'కాడ్మియం ఎరుపు హ్యూ' ధరలోను, ఆరోగ్యరీత్యాను మేలు. అయితే ఇతర రంగులతో కలిపినప్పుడు ఫలితం కొంత తేడాగా ఉంటుంది.

ట్యూబుపై సమాచారం

రంగు కొనేముందు ట్యూబుపై పేరు ఒక్కటే చూడడం చాలదు. ఒకే పేరుతో వేర్వేరు సంస్థలు వేర్వేరు వర్ణకాలను అమ్ముతాయి. అందుకే ప్రతి వర్ణకానికి అంతర్జాతీయంగా ఒక సంకేతం ఉంది. అల్ట్రామెరైన్ నీలం సంకేతం పి.బి. 29. ఇందులో 'పి' వర్ణకాన్ని, 'బి' నీలాన్ని, 29 వరుస సంఖ్యను తెలుపుతాయి. టైటానియం తెలుపు పి.డబ్ల్యు. 6. ట్యూబుపై ఒకే సంకేతం ఉంటే అది ఒకే వర్ణకంతో చేసిన రంగు. ఇటువంటి రంగులను కలిపితే వచ్చే రంగు స్వచ్ఛంగా ఉంటుంది. మూడు నాలుగు వర్ణకాలు ముందే కలిపి ఉన్న రంగులను మళ్ళీ కలిపితే త్వరగా బురద రంగుగా మారుతుంది.

వెలుతురుకు వెలిసిపోకుండా నిలిచే శక్తిని కూడా ట్యూబుపై సూచిస్తారు. అమెరికన్ ప్రమాణ సంస్థ ఏ.ఎస్.టి.ఎం. పద్ధతిలో మొదటి తరగతి అత్యుత్తమం, రెండవ తరగతి చాలా మంచిది. గోడకు వేలాడదీయవలసిన చిత్రానికి ఈ రెండు తరగతుల రంగులనే వాడడం మంచిది. మెరిసే 'ఫ్లోరసెంట్' రంగులు సాధారణంగా వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. ట్యూబుపై ఉండే చిన్న చతురస్రపు గుర్తు నిండుగా ఉంటే ఆ రంగు అడుగు రంగును కప్పేస్తుందని, ఖాళీగా ఉంటే పారదర్శకమని అర్థం.

ప్రారంభానికి సరిపోయే రంగులు

ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనడం కన్నా ఏడెనిమిది రంగులు విడిగా ఎంచుకోవడం మేలు.

* టైటానియం తెలుపు: అన్నిటికంటె ఎక్కువగా ఖర్చయ్యేది. కనుక పెద్ద ట్యూబు కొనాలి.
* హంసా పసుపు: నిమ్మపండు వైపు మొగ్గే ప్రకాశవంతమైన పసుపు.
* ఎల్లో ఓకర్: మట్టి పసుపు. శరీర వర్ణాలకు, నేలకు ఉపయోగపడుతుంది.
* నాఫ్తాల్ ఎరుపు: కుంకుమను పోలిన వెచ్చని ఎరుపు.
* క్వినాక్రిడోన్ గులాబి (పి.వి. 19): ఊదా రంగులు స్వచ్ఛంగా రావడానికి అవసరమైన చల్లని ఎరుపు.
* అల్ట్రామెరైన్ నీలం (పి.బి. 29): కొద్దిగా ఊదా వైపు మొగ్గే నీలం.
* థాలో నీలం (పి.బి. 15): ఆకుపచ్చ వైపు మొగ్గే నీలం. చాలా తీవ్రమైనది కనుక చిటికెడు చొప్పున కలపాలి.
* బర్న్‌ట్ అంబర్ (పి.బి.ఆర్. 7): ముదురు గోధుమ రంగు.

నలుపు విడిగా లేకపోయినా పని జరుగుతుంది. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ అంబర్ కలిపితే దాదాపు నల్లని రంగు వస్తుంది. అందులో తెలుపు కలిపితే వెచ్చని లేదా చల్లని బూడిద రంగులు తయారవుతాయి.

పోలికలో పొరపాట్లు

పాఠశాలల్లో వాడే పోస్టరు రంగులు అక్రిలిక్ రంగులు కావు. అవి ఆరాక కూడా నీటికి కరుగుతాయి. కాన్వాసు కదలికకు పొడిగా రాలిపోతాయి. వస్త్రాలపై అలంకరణకు వాడే రంగులలో చాలావరకు అక్రిలిక్ బంధకమే ఉంటుంది గాని, గుడ్డ ఉతికినా మెత్తగా ఉండేటట్లు వాటిని తయారు చేస్తారు. గోడలకు వేసే ఎమల్షన్ రంగులలో పూరక పదార్థాలు ఎక్కువ. చిత్రం నిలవడం వాటి లక్ష్యం కాదు.

కాన్వాసు

కాన్వాసు గట్టి నేతగల గుడ్డ. నూలు కాన్వాసు చవకైనది, తేలికగా దొరికేది. అవిసె నారతో నేసిన లినెన్ కాన్వాసు మరింత గట్టిది, ఖరీదైనది. నేర్చుకొనేవారికి నూలు కాన్వాసు చాలు. గుడ్డ బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు. 280 నుండి 400 గ్రాముల మధ్య ఉన్నవి సాధారణ చిత్రాలకు సరిపోతాయి. మరీ పలుచని గుడ్డ చట్రంపై సాగి వదులవుతుంది. కాన్వాసు నాలుగు రూపాలలో లభిస్తుంది.

* చట్రానికి బిగించిన కాన్వాసు: వెంటనే వాడవచ్చు. 10×12, 12×16, 16×20, 18×24 అంగుళాల పరిమాణాలు సాధారణం.
* కాన్వాసు బోర్డు: అట్టకు అతికించిన కాన్వాసు. చవకైనది, అభ్యాసానికి మంచిది. తేమకు అట్ట వంగే అవకాశం ఉంది.
* కాన్వాసు ప్యాడ్: పుస్తకంలా విడి పుటలుగా ఉంటుంది. రంగులు కలిపి పరీక్షించడానికి అనుకూలం.
* కాన్వాసు చుట్ట: మీటర్ల లెక్కన అమ్ముతారు. పెద్ద చిత్రాలకు ఖర్చు కలిసివస్తుంది.

చట్రం కొనేటప్పుడు దాని లోపలి అంచు ఏటవాలుగా చెక్కి ఉందో లేదో చూడాలి. అలా లేకపోతే కాన్వాసు కర్రకు ఆనుకొని, రంగు వేసేటప్పుడు ఆ అంచు గీతలా ముందువైపు కనిపిస్తుంది. మంచి చట్రాలకు మూలల్లో చిన్న చెక్క చీలలు పెట్టే సందులు ఉంటాయి. కాన్వాసు వదులైనప్పుడు ఈ చీలలను మెల్లగా కొడితే తిరిగి బిగుస్తుంది.

సొంతంగా బిగించుకొనేవారు ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కొక్క పిన్ను కొట్టి, అక్కడి నుండి ఎదురెదురుగా లాగుతూ మూలల వైపు రావాలి. ఒక మూల నుండి మొదలుపెడితే గుడ్డ నేత వంకరగా సాగుతుంది. పూత లేని నూలు గుడ్డ తడిసినప్పుడు బిగుసుకుంటుంది కనుక మొదటనే మితిమీరి లాగరాదు.

జెస్సో

జెస్సో అనగా రంగు వేయడానికి ముందు కాన్వాసుకు పూసే తెల్లని పూత. ఈ ఇటాలియన్ పదానికి జిప్సం అని అర్థం. పూర్వం ఐరోపాలో జంతువుల చర్మం నుండి తీసిన జిగురులో జిప్సం లేదా సుద్ద కలిపి చెక్క పలకలకు పూసేవారు. అది పెళుసు పూత కనుక వంగే కాన్వాసుకు తగదు. నేడు అక్రిలిక్ చిత్రాలకు వాడే జెస్సోలో అక్రిలిక్ ఎమల్షన్, టైటానియం తెలుపు, సుద్ద వంటి పొడులు ఉంటాయి.

గుడ్డపై బొమ్మ వేసేముందు పూత పూయడం తెలుగు నేలకు కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక నీరు కలిపిన మిశ్రమాన్ని పూసి, ఆరనిచ్చి, ఆ తరువాతే బొమ్మలు వేసేవారు. రెండింటి ఉద్దేశమూ ఒక్కటే: గుడ్డ సందులు మూయడం, రంగుకు పట్టునివ్వడం, రంగు అతిగా ఇంకకుండా చూడడం.

దుకాణంలో దొరికే బిగించిన కాన్వాసులలో చాలావాటికి ముందే జెస్సో పూసి ఉంటుంది. మరొక పూత వేసుకుంటే నేత సందులు సరిగా నిండుతాయి. పూత లేని గుడ్డకు రెండు మూడు పూతలు కావాలి. మొదటి పూత అడ్డంగా, ఆరిన తరువాత రెండవది నిలువుగా వేయాలి. నున్నని తలం కావాలంటే పూతల మధ్య సన్నని ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ లేదా మాస్కు కట్టుకోవాలి. చివరి పూత తరువాత కనీసం ఒకరోజు ఆగడం మంచిది.

ఖర్చు తగ్గించడానికి కొందరు గోడలకు వేసే ప్రైమరును గాని, వడ్రంగులు వాడే తెల్లజిగురులో సుద్దపొడి కలిపి గాని పూస్తారు. పొడి ఎక్కువై జిగురు తక్కువైన పూత కొంతకాలానికి పగులుతుంది, పొడిగా రాలుతుంది. అడుగు పూత ఊడితే దానిపై ఉన్న చిత్రమంతా ఊడిపోతుంది. సాధన కోసం వేసే బొమ్మలకు ఇది చెల్లినా, నిలవవలసిన చిత్రానికి తగదు.

తైలవర్ణాల కోసం నూనె పూత వేసిన కాన్వాసుపై అక్రిలిక్ వేయరాదు. నీటితో చేసిన రంగు నూనె తలానికి సరిగా అంటుకోదు. ఇదే కారణం వలన ఆరిన తైలవర్ణంపై అక్రిలిక్ వేయరాదు. ఆరిన అక్రిలిక్‌పై తైలవర్ణం వేయడంలో ఇబ్బంది లేదు.

కుంచెలు

అక్రిలిక్‌కు నైలాన్ వంటి కృత్రిమ పోగులతో చేసిన కుంచెలు అనువైనవి. చిక్కని రంగుకు పంది వెంట్రుకల గరుకు కుంచెలు కూడా పనికివస్తాయి. నీటిరంగులకు వాడే ఖరీదైన సేబుల్ కుంచెలను దీనికి వాడరాదు. ఎక్కువసేపు నీటిలో తడిసి ఉండడం వలన, రంగు ఆరి అంటుకోవడం వలన అవి పాడవుతాయి.

* చదును కుంచె: పెద్ద స్థలాలకు, సూటి అంచులకు.
* గుండ్రని కుంచె: గీతలకు, వివరాలకు.
* ఫిల్బర్ట్: చదునుగా ఉండి కొన గుండ్రంగా ఉంటుంది. ఆకులు, ముఖాలు, మెత్తని అంచులకు.
* విసనకర్ర కుంచె: రంగులను మెల్లగా కలపడానికి, గడ్డి వంటి వాటికి.
* వెడల్పు కుంచె: రెండు అంగుళాలది. జెస్సో, వార్నిష్ పూయడానికి. ఈ రెండు పనులకు రెండు వేర్వేరు కుంచెలు ఉండాలి.

ప్రారంభానికి చదును కుంచెలు రెండు, ఫిల్బర్ట్ ఒకటి, గుండ్రని కుంచెలు రెండు, వెడల్పు కుంచె ఒకటి సరిపోతాయి. కుంచెలపై ఉండే సంఖ్యలు అన్ని సంస్థలకు ఒకే కొలతను సూచించవు. అందుచేత సంఖ్యను నమ్మక వెడల్పు చూసి కొనాలి.

కుంచె పాడవడం సాధారణంగా వెంట్రుకల కొన వద్ద కాక, లోహపు పట్టీ దగ్గర మొదలవుతుంది. అక్కడ చేరిన రంగు ఆరితే వెంట్రుకలు విచ్చుకొని మళ్ళీ దగ్గరకు రావు. అందుచేత కుంచెను సగం కంటె లోతుగా రంగులో ముంచరాదు. రంగు అంటించే ముందు నీటిలో తడిపి, పిండి వాడాలి. పని మధ్యలో వాడని కుంచెను వెంటనే కడగాలి. నీటి పాత్రలో తలకిందులుగా గంటల తరబడి ఉంచితే కొన వంగిపోతుంది, కర్ర ఉబ్బి రంగు పెచ్చులూడుతుంది. పని ముగిశాక చల్లని నీటిలో సబ్బుతో కడిగి, కొన సరిచేసి, పడుకోబెట్టి ఆరనివ్వాలి.

ప్యాలెట్, రంగుకత్తులు

రంగులు కలుపుకొనే పలకను ప్యాలెట్ అంటారు. తైలవర్ణాలకు వాడే చెక్క ప్యాలెట్ అక్రిలిక్‌కు అంత అనువైనది కాదు, ఆరిన రంగు కర్రకు పట్టేస్తుంది. పింగాణీ పళ్ళెం, గాజు పలక, ప్లాస్టిక్ పలక మంచివి. గాజు అంచులను ఉప్పుకాగితంతో మొద్దుబార్చి టేపు అతికించాలి. గాజుపై ఆరిన రంగును నీటితో తడిపి కొంతసేపు ఉంచి గీకితే పొరగా లేచి వస్తుంది.

వేడి వాతావరణంలో ఎక్కువగా ఉపయోగపడేది తడి ప్యాలెట్. మూత ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన స్పాంజి లేదా మడత పెట్టిన నూలు గుడ్డ పరచి, దానిపై బేకింగు పనికి వాడే నూనె అంటని కాగితం పరిస్తే తడి ప్యాలెట్ తయారవుతుంది. కాగితం గుండా తేమ కొద్దికొద్దిగా పైకి రావడం వలన రంగు గంటల తరబడి ఆరదు. మూతపెడితే మరునాటికి కూడా పనికిరావచ్చు. నీరు స్పాంజిపై నిలిచేంత ఎక్కువ కాకూడదు.

రంగుకత్తి పదును లేని, వంగే ఉక్కు పలక. రంగులు కలపడానికి కుంచె బదులు కత్తి వాడితే కుంచె మొదట్లో రంగు చేరదు. రంగును మందంగా పూయడానికి కూడా వాడతారు. మెడ వంగిన కత్తి ఒకటి చాలు.

నీరు, మీడియంలు

నీటి పాత్రలు రెండు ఉండాలి. ఒకటి కుంచె కడగడానికి, రెండవది రంగులో కలిపే శుభ్రమైన నీటికి. చిన్న స్ప్రే సీసా మూడవ సాధనం. ప్యాలెట్ మీది రంగుపై అప్పుడప్పుడు సన్నగా నీరు చల్లితే పైపొర కట్టదు.

రంగులో నీరు ఎక్కువగా కలిపితే వర్ణకంతో పాటు బంధకం కూడా పలుచబడుతుంది, పొర బలహీనమవుతుంది. పలుచని పూతలు కావాలంటే నీటికి బదులు మీడియం కలపాలి. మీడియం అంటే వర్ణకం లేని అక్రిలిక్ ఎమల్షన్.

* మెరుపు మీడియం: రంగును పారదర్శకంగా, నిగనిగలాడేలా చేస్తుంది.
* మాట్ మీడియం: మెరుపు తగ్గిస్తుంది.
* జెల్ మీడియం: చిక్కదనం పెంచుతుంది. కాగితాలు అతికించడానికి కూడా పనికివస్తుంది.
* మోడలింగ్ పేస్టు: ఉబ్బెత్తు పనికి.
* రిటార్డరు: ఆరడాన్ని ఆలస్యం చేస్తుంది. దీనిలో బంధకం లేదు కనుక సీసాపై చెప్పిన మోతాదు మించితే పొర చాలా రోజులు జిగటగానే ఉంటుంది.

మొదటి రెండు మూడు చిత్రాలకు మెరుపు లేదా మాట్ మీడియంలలో ఒకటి ఉంటే చాలు.

ఇతర వస్తువులు

ఈజిల్ కాన్వాసును నిలువుగా పట్టి ఉంచే కర్ర స్టాండు. లేనివారు బల్లపై ఇటుకకో పుస్తకాలకో ఆనించి పని చేసుకోవచ్చు. కాన్వాసును పూర్తిగా పడుకోబెడితే పైనుండి వాలుగా చూడడం వలన బొమ్మ నిష్పత్తులు తప్పుతాయి. ముందుగా గీతలు గీయడానికి లేత పెన్సిలు, పలుచని రంగు వాడవచ్చు. సూటి అంచులకు మాస్కింగ్ టేపు, తుడవడానికి పాత నూలు గుడ్డలు అవసరం. బట్టలపై పడిన అక్రిలిక్ ఆరితే పోదు కనుక పాత చొక్కా వేసుకోవాలి. మరక పడిన వెంటనే నీటితో కడగాలి.

వార్నిష్

అక్రిలిక్ పొర కొంత మెత్తనిది. వేడికి మరింత మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది. దీని నుండి రక్షణకు వార్నిష్ వేస్తారు. చిత్రం పూర్తయ్యాక రెండు వారాలైనా ఆగి, మందపు చిత్రమైతే ఇంకా ఎక్కువకాలం ఆగి వేయాలి. భవిష్యత్తులో వార్నిష్ మురికిపడితే దానిని ద్రావకంతో తొలగించి కొత్తది వేసే వీలుండాలి. ఆ ద్రావకం అసలు చిత్రాన్ని తాకకుండా వార్నిష్‌కు ముందు పలుచని మెరుపు మీడియం పూతను అడ్డుపొరగా వేస్తారు. ఎక్కువ తేమగల వర్షపు రోజున వార్నిష్ వేస్తే మసక తెలుపు కమ్మే అవకాశం ఉంది.

ఆరోగ్యం, వ్యర్థజలం

అక్రిలిక్ రంగులకు టర్పెంటైన్ అవసరం లేదు గనుక ఇంటిలో వాడడానికి తైలవర్ణాల కన్నా అనుకూలం. అయినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎమల్షన్‌లో స్వల్పంగా అమ్మోనియా, నిల్వ ఉంచే రసాయనాలు ఉంటాయి; కిటికీలు తెరిచి పని చేయాలి. కాడ్మియం, కోబాల్ట్ రంగులను స్ప్రే చేయరాదు, ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దరాదు. కుంచె కొనను నోటితో తడపరాదు. పిల్లలకు విషరహితమని ముద్ర ఉన్న రంగులనే ఇవ్వాలి.

కుంచెలు కడిగిన నీటిలో ప్లాస్టిక్ కణాలు, వర్ణకాలు ఉంటాయి. వాటిని సింకులో పోస్తే గొట్టాలు మూసుకుపోవడమే కాక కాలువలలోకి చేరతాయి. ముందు కుంచెలను, ప్యాలెట్‌ను గుడ్డతో బాగా తుడిచి, ఆ తరువాతే కడగాలి. ఎక్కువగా పనిచేసేవారు మురికి నీటిని బకెట్టులో పట్టి, అల్యూమినియం సల్ఫేట్, సున్నం కలిపి కణాలను ముద్దగా దిగేలా చేస్తారు. పైనీటిని గుడ్డతో వడగట్టి, అడుగు ముద్దను ఎండబెట్టి చెత్తలో వేస్తారు. బావినీటిని పటికతో తేర్చడంలో ఉన్న సూత్రమే ఇది.

చిత్రాలను భద్రపరచడం

వేసవిలో అక్రిలిక్ చిత్రాలను ఒకదానిపై ఒకటి ముఖాముఖి పెడితే రంగు పొరలు అతుక్కుంటాయి. విడదీసేటప్పుడు రెండు చిత్రాలూ పాడవుతాయి. బుడగల ప్లాస్టిక్ షీటును చిత్రం వైపు ఆనించి చుడితే గుండ్రని ముద్రలు పడతాయి. ప్రయాణంలో అంచులకు అట్టముక్కలు పెట్టి, చిత్ర తలానికి ఏదీ తగలకుండా కట్టాలి. చట్రం నుండి విప్పి చుట్టవలసి వస్తే రంగు వైపు బయటకు ఉండేలా వదులుగా చుట్టాలి. ఎండ పడే గోడ, తేమ ఊరే గోడ చిత్రాలకు తగవు.

ముందుగా దేనిపై ఖర్చు చేయాలి

డబ్బు పరిమితంగా ఉన్న విద్యార్థికి అన్నీ ఒకేసారి కొనడం సాధ్యం కాదు. పైన చెప్పిన కారణాలను బట్టి వస్తువులను మూడు తరగతులుగా చేయవచ్చు.

* మంచివి కొనవలసినవి: తెలుపుతో సహా ముఖ్యమైన రంగులు, జెస్సో. చిత్రం నిలవడం వీటిపైనే ఆధారపడుతుంది.
* మధ్యరకం చాలునవి: కృత్రిమ పోగుల కుంచెలు, నూలు కాన్వాసు. కుంచె ఎన్నాళ్ళు వస్తుందనేది ధర కంటె కడిగే పద్ధతిపై ఆధారపడి ఉంటుంది.
* ఇంటిలోనే దొరికేవి: పింగాణీ పళ్ళెం, నీటి డబ్బాలు, పాత గుడ్డలు, తడి ప్యాలెట్ కోసం మూత డబ్బా.

ఈజిల్, రిటార్డరు, మోడలింగ్ పేస్టు, విసనకర్ర కుంచె వంటివి పని సాగుతున్నకొద్దీ అవసరం తెలిసిన తరువాత కొనుక్కోవచ్చు. మొదటి చిత్రం వార్నిష్ దశకు చేరేసరికి కనీసం రెండు వారాలు గడుస్తాయి కనుక వార్నిష్ కూడా ముందే కొనవలసిన పనిలేదు.

ఇవి కూడా చూడండి

* చిత్రలేఖనం
* తైలవర్ణ చిత్రలేఖనం
* నీటిరంగులు
* చేర్యాల నకాషీ చిత్రకళ
* తోట వైకుంఠం